చూడకముందే చెరిపేసిన అంకె

నా ఉద్యోగ జీవితంలో రాసిన కాగితాలన్నిటిలోకీ బాగా కుదిరిందని నేను మురిసిపోయిన కాగితం ఒకటుంది. అర పేజీ. ఒక్క కొట్టివేత లేదు, ఒక్క మాట అదనంగా లేదు. మా జట్టులోని ఒక సహోద్యోగి పనిలో లోపముందని, దానివల్లే మా కంపైలర్ తప్పు జవాబులిస్తోందని, ఆయన భాగాన్ని మరొకరిచేత మళ్లీ రాయించడం మంచిదని అందులో రాశాను. కింద సంతకం కూడా నిబ్బరంగా పెట్టాను. రెండు నెలల తర్వాత తేలిందేమిటంటే, ఆ కాగితంలో సరైనది నా సంతకం ఒక్కటే.

ఈ రంగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు కలిసినప్పుడు, మీరు చేసినవాటిలో గొప్పది చెప్పమని అడుగుతుంటారు. గొప్పవి చెప్పుకునేవాళ్లకు కరువు లేదు కనుక నేను ఈ తప్పు సంగతే చెబుతుంటాను.

తొంభైల మొదట్లో మాట. పుణెలో ఒక పరిశోధన సంస్థలో పనిచేసేదాన్ని. ఎనిమిది ప్రాసెసర్లున్న ఒక యంత్రాన్ని మావాళ్లు తయారుచేశారు. ఇప్పుడు మీ జేబులో ఫోనుకు కూడా ఎనిమిది ఉంటున్నాయి, అప్పుడు మాత్రం ఆ ఎనిమిదీ కలిసి ఇనప బీరువా అంత చోటు తినేవి. శాస్త్రవేత్తలు తమ లెక్కల ప్రోగ్రాములను ఒకే యంత్రం కోసం, మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా ఒకదాని తర్వాత ఒకటిగా రాసుకునేవారు. ఆ ప్రోగ్రామును చదివి, పనిని ఎనిమిది ముక్కలు చేసి, ఎనిమిదింటికీ పంచి, ఎవరు ఎవరికి ఎప్పుడు ఏ అంకె పంపాలో కూడా తానే తేల్చే కంపైలర్ రాయడం మా పని. దేశంలో అలాంటి ప్రయత్నాలు అప్పటికి ఒకటీ అరా. జట్టులో ఐదుగురం. నడిపించే పెద్దాయన మరాఠీ ఆయన. పనిమంతుడు, కొంచెం తొందర మనిషి.

పని ముక్కలు చేసే భాగం ఇద్దరిది. ప్రాసెసర్ల మధ్య అంకెలు చేరవేసే భాగం ధార్వాడ వైపు నుంచి వచ్చిన ఒక సహోద్యోగిది. ఆయన రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ప్రాసెసర్లు ఒకదానికోసం ఒకటి ఊరికే ఎదురుచూసే చోట్లను కనిపెట్టి, ఆ ఎదురుచూపులను తీసేసి, ప్రోగ్రామును వేగంగా నడిపించే భాగం నాది. ఈ చివరిది అందరికీ నచ్చిన భాగం. అది పెట్టిన రోజు యంత్రం పరుగు చూసి పెద్దాయన అందరికీ జిలేబీ తెప్పించాడు. పరీక్షలన్నీ నడిపించి పాసైందని సంతకం చేసే బాధ్యత కూడా నాదే. నా పనిని నేనే పరీక్షించుకుని నేనే పాసు చేసుకునే ఏర్పాటు అన్నమాట. అందులో తప్పేముందో ఆ రోజుల్లో ఎవరికీ తోచలేదు, నాకైతే అసలే తోచలేదు.

మా దగ్గరికి వచ్చిన మొదటి బయటి మనిషి ఒక శాస్త్రవేత్త. ఆనకట్టకు పోసిన కాంక్రీటు లోపల వేడి ఎలా చల్లారుతుందో లెక్కగట్టడం ఆయన పని. తొందరగా చల్లారితే పగుళ్లిస్తుంది, అందుకని ఎంత మందం ఎన్ని రోజులకు పోయాలో ఆ లెక్కే చెప్పాలి. ఆయన ప్రోగ్రామును మా కంపైలర్‌లో పెట్టి నడిపించాం. మామూలు యంత్రం మీద రోజంతా పట్టేది మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేలోపు అయిపోయింది. ఆయన సంతోషించాడు. మర్నాడు వచ్చి అదే ప్రోగ్రామును, అవే అంకెలతో మళ్లీ నడిపించమన్నాడు. జవాబు వేరేగా వచ్చింది. తేడా పెద్దది కాదు, కానీ ఉంది. పదిసార్లు నడిపిస్తే తొమ్మిదిసార్లు ఒకే జవాబు, ఒక్కసారి మరొకటి. ఆయన కోప్పడలేదు. కాగితాలు సంచిలో సర్దుకుంటూ, రెండు రోజుల్లో రెండు జవాబులిచ్చే యంత్రాన్ని నమ్మి నేను కాంక్రీటు పోయించలేనమ్మా అని వెళ్లిపోయాడు.

పదిలో ఒకసారి వచ్చే తప్పును పట్టుకోవడం ఎంత కష్టమో పడ్డవాళ్లకే తెలుసు. ఎప్పుడూ తప్పే అయితే మనకు దారి ఉంటుంది. ఇది చూస్తుంటే రాదు, కళ్లు తిప్పుకుంటే వస్తుంది. వారం రోజులు వెతికి, నేను ఒక నిర్ణయానికి వచ్చాను. అంకె ఒకచోట నుంచి మరోచోటికి వెళ్లేటప్పుడు చెడుతోంది కనుక చేరవేసే భాగంలోనే లోపం. ఆ అర పేజీ అప్పుడే రాశాను.

పెద్దాయన ఆ సహోద్యోగిని ఆ పనినుంచి తప్పించి, వాడకందారుల పుస్తకం రాసే పని అప్పగించాడు. ఆయన వాదించలేదు. ఒక్కసారి మాత్రం నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నా భాగంలో తప్పుంటే చూపించండి, దిద్దుతాను. చూపించలేకపోతే మాత్రం వెతకడం ఆపకండి" అన్నాడు.

అందులో నాకు పొగరు వినిపించింది. ఆయన భాగాన్ని నేనే మూడు వారాలు కూర్చుని మొదటినుంచి రాశాను. తప్పు అలాగే ఉంది. బుద్ధి ఉన్నవాళ్లకు అక్కడ తెలియాలి. నేను మాత్రం, కొత్తగా రాసినదానిలో కొత్త తప్పేదో దూరి ఉంటుందని చెప్పుకున్నాను. మనసుకు నచ్చని సంగతిని తీసిపారేయడంలో నేను ఆ రోజుల్లో ఏ కంపైలర్‌కూ తీసిపోయేదాన్ని కాదు.

ఇంతలో పైనుంచి ఒక కమిటీ వస్తోందని కబురు. పథకం ఇంకో మూడేళ్లు సాగాలా, ఆగాలా అన్నది వాళ్ల చేతిలో ఉంది. యంత్రం ఎంత వేగంగా నడుస్తోందో పెద్దాయన వాళ్లకు ముందే ఉత్తరంలో రాసేశాడు. కమిటీ కోసం యంత్రాన్ని కొత్త గదిలోకి మార్చాలని ఊడదీశారు. పది రోజులు యంత్రం ఉండదు, అందరూ సెలవు తీసుకోండి అన్నారు. కాంక్రీటు లెక్కను కమిటీకి చూపించేవాటిలోనుంచి తీసేద్దామని, మిగతావి బాగానే నడుస్తున్నాయి కదా అని పెద్దాయన అన్నాడు. మిగతావి బాగానే నడుస్తున్నాయని మనకెలా తెలుసని నేనడిగాను. నువ్వే కదా పాసు చేశావన్నాడు. ఆ మాట నాకు అన్నం సహించనివ్వలేదు. ఈ పది రోజుల్లో తప్పు పట్టుకొస్తానన్నాను. యంత్రం లేకుండా ఎలాగని ఆయన నవ్వాడు. కాగితాలున్నాయి కదా అని, కంపైలర్ ఆ లెక్కకు తయారుచేసిన ఎనిమిది ప్రాసెసర్ల ఆదేశాలన్నీ అచ్చువేయించి, గోనెసంచి అంత మూట కట్టుకుని సోలాపూర్ రైలెక్కాను.

మా ఇల్లు అక్కడి జోడ్‌భావి పేట్‌లో. నడిమిట్ల షాబాద్ బండలు పరిచిన వాకిలి, చుట్టూ ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం. అందరూ తెలంగాణ నుంచి వచ్చిన నేతవాళ్లే. పవర్‌లూములను మావాళ్లు సాంచాలంటారు. మా నాయన పక్క సందులోని కార్ఖానాలో సాంచాల మీద చద్దర్లు నేసేవాడు. అమ్మ, మా మేనత్త, వాకిట్లోని మిగతా ఆడవాళ్లంతా బీడీలు చుట్టేవాళ్లు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా అటునుంచి సాంచాల చప్పుడు, ఇటునుంచి ఆకు కత్తిరించే చప్పుడు. వాటి మధ్యే నేను చదువుకున్నాను కనుక నాకు నిశ్శబ్దంలోనే పని సాగదు.

మేనత్త అంటే మా నాయనకు అక్క. పెనిమిటి పోయాక మా పక్క గదిలోనే ఉండేది. ఎప్పుడో కండెలు చుట్టే మిషన్‌లో కుడిచేతి బొటనవేలు నలిగి, అప్పటినుంచి ఆ వేలు మడతపడదు. బీడీకి బొటనవేలే ప్రాణం. అందరూ కట్టలు కట్టేసి లేచాక కూడా అత్త చేట ముందు పెట్టుకుని కూర్చునే ఉండేది. వాకిట్లో ఏ పని ఆలస్యమైనా ఆమె పేరు చెప్పి నవ్వుకునేవాళ్లు. ఆమె ఏమీ అనేది కాదు.

నేను ఇంట్లో కాగితాలు పరుచుకుని లెక్క చేయడం మొదలుపెట్టాను. అసలు ప్రోగ్రాము పెద్దది, అందుకని దాన్ని చిన్నది చేసుకున్నాను. ఒక ఇనుప కడ్డీ అనుకోండి. ఒక చివర నిప్పు, ఒక చివర మంచు. ఆ రెండు చివరలతో కలిపి ఎనిమిది చోట్ల వేడి ఎంతో చూడాలి. చివరల అంకెలు మారవు. మధ్యలో ఒక్కోచోట వేడి అంటే, దానికి ఎడమపక్క అంకె, కుడిపక్క అంకె కలిపి సగం చేయడమే. అలా మళ్లీ మళ్లీ చేస్తూ పోవాలి. ఒక్కో చోటును ఒక్కో ప్రాసెసర్ చూసుకుంటుంది. బండల మీద సుద్దతో ఎనిమిది చోట్లు గీసి, మొదటి చోట కూర్చుని మొదటి ప్రాసెసర్ ఆదేశాలు చదివి చేసి, రెండో చోటికి జరిగి రెండోదానివి చేసి, అలా చివరిదాకా పోయి మళ్లీ మొదటికి వచ్చేదాన్ని. నాలుగు రోజులు చేశాను. ఒక్కసారి కూడా తప్పు రాలేదు.

నాయన పనినుంచి వచ్చి చూసి, ఇదేం ఉద్యోగం అన్నట్టు నిలబడి, కాళ్లు కడుక్కోవడానికి పోయేవాడు. అమ్మ మాత్రం బీడీలు చుడుతూ నాలుగు రోజులూ నన్నే గమనిస్తోంది. నాలుగో రోజు సాయంత్రం, నేను మూడో చోటినుంచి నాలుగో చోటికి మోకాళ్ల మీద జరుగుతుంటే, ఏం చేస్తున్నావో సరిగ్గా చెప్పమంది. చెప్పాను. ఎనిమిది మంది ఒకేసారి చేసే పని ఇది, ఎక్కడో తప్పు జరుగుతోంది, అది నాకు దొరకడం లేదు అన్నాను.

"ఎనిమిది మంది చేసే పని నువ్వొక్కదానివే చేస్తే ఆల్ల నడుమ జరిగే తప్పు నీకెట్ల కనబడతది?" అంది అమ్మ. "మేం లేమా ఈడ?"

నేను చదువుకున్న చదువంతా ఆ ముక్క నాకు చెప్పలేదు. నేను ఒక్కదాన్నే వరుసగా చేస్తున్నాను కనుక ఎవరూ ఎవరికన్నా ముందుకు పోవడం లేదు, ఎవరూ వెనకబడడం లేదు.

రెండు రోజుల తర్వాత బీడీ కార్ఖానాకు సెలవు వచ్చింది. ఆ మధ్యాహ్నం వాకిట్లో ఎనిమిది మందిని వరుసగా కూర్చోబెట్టాను. అమ్మ రెండో చోట. మూడో చోట మా ఎదురింటి వదిన, వాకిట్లో ఆమె చేతి వేగం ఎవరికీ లేదు. నాలుగో చోట మేనత్త కూర్చోబోయింది. నేను ఆలోచించి, ఆమె చుట్టూ అందరూ ఆగిపోతారని, పదో తరగతి చదివే ఒక అమ్మాయిని ఆ చోట కూర్చోమన్నాను. అత్త లేచి గోడకు ఆనుకుని కూర్చుంది.

ఒక్కొక్కరికీ ఎడమపక్క ఒక గడి, కుడిపక్క ఒక గడి బండ మీద గీశాను. కంపైలర్ ఇచ్చిన ఆదేశాలనే వాళ్ల మాటల్లో చెప్పాను. నీ అంకెను నీ ఇద్దరు పక్కవాళ్ల గడుల్లో రాయి, పాతది ఉంటే తుడిచెయ్యి, రాసినప్పుడల్లా గడి పక్కన ఒక గీత గియ్యి. తర్వాత నీ గడుల పక్కన గీతలు లెక్కపెట్టు. ఎన్నో సారి చేస్తున్నావో అన్ని గీతలు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే, గడుల్లోని రెండంకెలూ చదివి, కలిపి సగం చెయ్యి. అర వస్తే వదిలెయ్యి. చదివిన అంకెలు, వచ్చిన అంకె నీ కాగితం మీద రాసుకో. అదే నీ కొత్త అంకె. మళ్లీ మొదలు.

మొదటిసారే అంతా గందరగోళమైంది. నిప్పు చివర వంద పెట్టి మొదలుపెడితే మంచు చివర దగ్గర తొంభైలు వచ్చాయి. చూస్తే, సగంమంది మరాఠీ బడిలో చదివినవాళ్లు, సగంమంది తెలుగు బడిలో చదివినవాళ్లు. మరాఠీ ఒకటి చూడ్డానికి అచ్చం మన తొమ్మిదిలా ఉంటుంది. ఒకరు ఒకటి రాస్తే పక్కామె తొమ్మిదని చదివింది. వాకిలంతా నవ్వులు. అందరూ ఇంగ్లీషు అంకెలే రాయాలని ఒప్పందం చేసుకుని మళ్లీ మొదలుపెట్టాం.

బీడీలు చుట్టేవాళ్ల చేతులకు లెక్క కొత్త కాదు. కట్టలను సగాలు, పావులు చేయడం రోజూ చేసే పనే. రెండోసారి పది రౌండ్లూ పూర్తిచేస్తే వచ్చిన జవాబూ, నేను ముందుగా లెక్కకట్టి పెట్టుకున్న జవాబూ ఒక్కటే అయ్యాయి. మూడోసారీ అంతే. నాలుగోసారీ అంతే. వాళ్లకు ఉత్సాహం వచ్చింది, నాకు నీరసం వచ్చింది. తప్పు జరగకపోవడమే నా బాధ అని వాళ్లకు ఎలా చెప్పను.

అప్పుడు నల్లా వచ్చింది. వాకిట్లో నల్లా వస్తే మరో పని ఉండదు. మిగతావాళ్ల బిందెలు ఇంట్లోవాళ్లు తీసుకెళ్లారు కానీ, నాలుగో చోటున్న అమ్మాయి తనే బిందె పట్టుకుని లేచిపోయింది. వరుసలో ఖాళీ ఏర్పడింది. అమ్మ గోడవైపు చూసి, వదినా రా, కూసో అంది. అత్త వచ్చి కూర్చుంది. ఇక వచ్చేదేమీ లేదనిపించినా, మొదలుపెట్టమన్నాను.

అత్త సుద్ద పట్టుకోవడమే వేరుగా ఉంది. బొటనవేలు ఆనించలేక మిగతా వేళ్ల మధ్య ఇరికించుకుని, ఒక్కో అంకె చెక్కుతున్నట్టు రాస్తోంది. అటూ ఇటూ ఉన్నవాళ్లు తమ పని ముగించి ఆమె అంకె కోసం చూస్తున్నారు. అందరికన్నా చివరన ఆమెది పూర్తయింది. పదో రౌండు అయ్యాక కాగితాలు తీసుకుని చూశాను. జవాబు తప్పు.

ఎక్కడ చెడిందో చూద్దామని మొదటి కాగితం పైకి తీశాను. కానీ నేనేమీ అనేలోపే అందరూ అత్తమీద పడ్డారు. ఎదురింటి వదిన, అత్తమ్మ లెక్క తప్పింది, మల్ల చేద్దాం, ఆ పిల్లనే రానియ్యిండ్రి అంది. ఇంకొకామె నవ్వింది. నిజం చెప్పాలంటే నాకూ అదే తోచింది. ఆమె ఎక్కడో తప్పు కూడి ఉంటుంది, ఇది లెక్కలోకి రాదు అనుకుని, ఆ కాగితాలు పక్కన పెట్టబోయాను.

అత్త నా చెయ్యి పట్టుకుంది. ఆమె ఒక మాటకు ఎదురు చెప్పగా నేను అంతకుముందు చూడలేదు.

"నేను లెక్క తప్పలే" అంది. "నా కాయితం సూడు. సూసి చెప్పు."

చూశాను. ఐదో రౌండు దాకా అంతా సరిగానే ఉంది. ఆరో రౌండులో ఆమె రాసుకున్న అంకెలు ఎడమ నలభై నాలుగు, కుడి ఆరు, సగం ఇరవై ఐదు. కూడిక సరైనదే, సగమూ సరైనదే. కానీ ఆ రౌండులో ఎడమపక్క ఉండాల్సింది ముప్ఫై ఏడు. నలభై నాలుగు అనేది ఎదురింటి వదిన తర్వాతి రౌండు కోసం రాసిన అంకె.

"నలభై నాలుగు ఎట్లొచ్చిందత్తా ఇక్కడ?"

"గడిల గదే ఉండె. ముందుగాల వేరేది ఉండె, నేను అటుపక్క అంకె రాసి ఇటు తిరిగేలోపు ఈమె వచ్చి తుడిసి మల్ల రాసింది. నేను సూడకముందే తుడిసింది. గీతలు లెక్కపెట్టిన, ఏడున్నయ్. ఆరు గానీ ఎక్కువ గానీ ఉంటే సదువుమన్నవ్ గద. సదివిన."

 ఎదురింటి వదిన తన కాగితం చూసుకుని, అవును, నా పని అయిపోయింది, నేను రాసిన, రాయొద్దని నువ్వు చెప్పలే గద అంది. ఆమె మాటా నిజమే. ఆమె తప్పూ లేదు. అత్త తప్పూ లేదు. ఇద్దరూ నేను చెప్పింది చెప్పినట్టు చేశారు.

నేను ఆదేశాల అచ్చుకాగితాలు తీసుకుని బండల మీద కూర్చున్నాను. పాత అంకెను తుడిచేముందు, చూశావా అని పక్కవాళ్లను అడగాలి. అవునన్నాకే తుడవాలి. ఆ ప్రశ్న మా కంపైలర్‌లో మొదట ఉంది. చేరవేసే భాగం రాసిన సహోద్యోగి దాన్ని పెట్టాడు. నేనే అది ఊరికే ఎదురుచూపని తేల్చి, నా భాగంచేత తీసేయించాను. అందుకే యంత్రం అంత వేగంగా పరిగెత్తింది. ఆ జిలేబీలు అందుకే తిన్నాం. నేను ఆయన భాగాన్ని తిరగరాసినప్పుడు కూడా ఆ ప్రశ్న బుద్ధిగా రాశాను, నా భాగం బుద్ధిగా దాన్ని మళ్లీ తీసేసింది. యంత్రంలో కూడా నాలుగో ప్రాసెసర్‌కే తెర, ప్రింటరు తగిలించి ఉండేవి. అప్పుడప్పుడు అది ఆ పని చూసుకుని ఆలస్యంగా వచ్చేది. ఆ ఆలస్యమే పదిలో ఒక్క తప్పు. అందరూ సమంగా నడిచినంతసేపూ నా తప్పు ఎవరికీ కనబడలేదు.

అత్త ఇంకా నా వైపే చూస్తోంది.

"నీ చూక్ లేదత్తా. తప్పు నాది" అన్నాను.

"గది అందరికి ఇనబడేటట్టు చెప్పు" అంది అత్త.

చెప్పాను. లేచి నిలబడి, ఎనిమిది మందికీ, నల్లా దగ్గర బిందెలు పట్టుకుని ఉన్నవాళ్లకూ వినబడేలా చెప్పాను. అత్త తలూపి, తడిపిపెట్టిన ఆకు ఎండిపోతోంది, నేను పోవచ్చా అని అడిగింది. పోవద్దని బతిమాలి మళ్లీ కూర్చోబెట్టాను. అదే పద్ధతిలో ఇంకో మూడుసార్లు చేయించాను, రెండుసార్లు తప్పు వచ్చింది. తర్వాత చూశావా అన్న ప్రశ్న చేర్చి చేయించాను. పొద్దు వాలేదాకా చేసినా ఒక్కసారి కూడా తప్పు రాలేదు. అయితే ఆట చాలా నెమ్మదించింది. వాకిలంతా సూశినవా, సూశిన, సూశినవా, సూశిన అనే మాటలే. నాయన పనినుంచి వచ్చి గుమ్మంలో నిలబడి చాలాసేపు విన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఎస్‌టీడీ బూత్‌కు పోయి ఆ సహోద్యోగి ఇంటి యజమాని నంబరుకు ఫోన్ చేశాను. ఏం మాట్లాడాలో దారిపొడవునా పాఠంలా చదువుకున్నాను. ఆయన లైన్‌లోకి వచ్చాక పాఠమంతా మరిచిపోయి, తప్పు దొరికింది, అది నాది అన్నాను. వాకిట్లో జరిగిందంతా చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. ఒక్కో పక్క గడులు ఎన్ని గీశారని అడిగాడు. ఒకటేనన్నాను.

"ఒక్కో పక్క ఒక గడి కాకుండా రెండు గీయండి" అన్నాడు చివరికి. "బేసి రౌండు ఒకదాంట్లో, సరి రౌండు ఇంకోదాంట్లో. పక్కవాళ్లు ఒక్క రౌండు కన్నా ముందుకు పోలేరు కదా. అప్పుడు అడిగే పనీ ఉండదు, చెరిగే భయమూ ఉండదు."

అంత తేలికైన సంగతి నాకు తట్టనందుకు సిగ్గుపడే తీరిక కూడా లేకపోయింది. నేను క్షమించమని అడిగితే, ముందు రైలెక్కండి అన్నాడు.

పుణె చేరేసరికి కమిటీకి నాలుగు రోజులుంది. రెండు గడుల పద్ధతి కంపైలర్‌లో సరిగ్గా పెట్టడానికి ఆ గడువు చాలదు. మిగిలింది ఒక్కటే దారి. నా భాగాన్ని ఆపేసి, ఎదురుచూపులన్నీ తిరిగి పెట్టేసి, జవాబు సరైనదే కానీ నెమ్మదిగా వచ్చేలా చూపించడం. పెద్దాయన ఒప్పుకోలేదు. ఉత్తరంలో రాసిన వేగం ఏమైందని అడిగితే ఏం చెప్పాలన్నాడు. కాంక్రీటు లెక్కను పక్కన పెడితే సరిపోయేదానికి ఇంత చేస్తావా అన్నాడు. ఆ లెక్కలో దొరికిన తప్పు మిగతా లెక్కల్లోనూ ఉండి ఉండొచ్చని, పాసు చేసిన సంతకం నాదే కనుక నేను దాన్ని వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. రాసి ఇమ్మన్నాడు. రాసి ఇచ్చాను. ఈ కాగితంలో మూడు కొట్టివేతలు, అక్కడక్కడా సిరా మరకలు. ఆ రెండు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున వచ్చి, నువ్వన్నట్టే కానివ్వు అని తన గదిలోకి వెళ్లిపోయాడు. తొందర మనిషే కానీ చెడ్డవాడు కాదు.

కమిటీలో నలుగురు. కాంక్రీటు లెక్క నడిచింది. పదిసార్లు నడిపించాం, పదిసార్లూ ఒకే జవాబు. వాళ్లలో పెద్దవయసు ఆయన కళ్లజోడు పైకి జరుపుకుని, ఉత్తరంలో రాసిన సమయానికీ దీనికీ చాలా తేడా ఉందేమని అడిగాడు. పెద్దాయన నా వైపు చూశాడు. గదిలో ఇరవై మందిదాకా ఉన్నారు. నేను లేచాను. 

"ఉత్తరంలో రాసింది తప్పు జవాబు రావడానికి పట్టే సమయం. సరైన జవాబుకు ఇంత పడుతుంది. ఆ తప్పు చేసింది నేను. దాన్ని మా సహోద్యోగి మీద వేసి రిపోర్టు రాసింది కూడా నేనే. ఆయన రాసిన భాగంలో ఏ లోపమూ లేదు."

ఆ సహోద్యోగి గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. తలెత్తలేదు. పెద్దవయసు ఆయన తన కాగితం మీద ఏదో రాసుకుని, తప్పు ఎలా పట్టుకున్నారని అడిగాడు. యంత్రం ఊడదీసి ఉండగా, సోలాపూర్‌లో బీడీలు చుట్టే ఎనిమిది మంది ఆడవాళ్లను కూర్చోబెట్టి అని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఆయన ఇంకో పది నిమిషాలు ఆ గడుల గురించే అడిగాడు.

మూడేళ్లు అడిగితే మాకు ఒక్క ఏడాది ఇచ్చారు. మా కంపైలర్ దేశాన్ని ఏలిందని చెప్పను. కొన్నేళ్లకే యంత్రాలు మారిపోయాయి, దాంతోపాటు అదీ పోయింది. కానీ ఆ ఏడాదిలో ఒక పని చేశాం. ఆ సహోద్యోగి భాగం ఆయనకు తిరిగి వచ్చింది. రెండు గడుల పద్ధతి ఇద్దరం కలిసి పెట్టాం. పోయిన వేగం చాలామటుకు వెనక్కి వచ్చింది. కాంక్రీటు శాస్త్రవేత్త మళ్లీ వచ్చాడు.

పిల్లలూ, మీకు చెప్పాలనుకున్నది ఇదొక్కటే. పరీక్ష అంటే మనం రాసింది నడుస్తుందని చూపించుకోవడం అని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. అన్నీ సమంగా, అందరూ ఒకే వేగంతో నడిచేచోట ఏ తప్పూ బయటపడదు. వెనకబడ్డ ఒకరిని తెచ్చి మధ్యలో కూర్చోబెట్టి, ఆ మనిషి చెప్పేది పూర్తిగా వినాలి. ఆ మనిషిని తీసేస్తే అంతా సాఫీగా పోతుంది నిజమే. అదే ప్రమాదం.

కమిటీ వెళ్లిపోయిన వారానికి నేను కొత్త పరీక్ష ఒకటి రాశాను. ఎనిమిది ప్రాసెసర్లలో ఒక్కోదాన్నీ వంతులవారీగా, కావాలని నెమ్మదింపజేసి, ఆ తర్వాత జవాబు చూసే పరీక్ష. ఈసారి సంతకం నాది కాదు. నా భాగాన్ని సహోద్యోగి పరీక్షించాలి, ఆయన భాగాన్ని నేను. అప్పటిదాకా నా చేత్తో పాసైన ప్రోగ్రాములన్నీ దాని కింద పెట్టి, పొద్దున్నే మొదలుపెట్టాం. మధ్యాహ్నానికి ఇంకో మూడు ప్రోగ్రాములు తప్పు జవాబిచ్చాయి. ఆయన ఆ మూడింటి పేర్లూ ఒక కాగితం మీద రాసి నా ముందు పెట్టాడు.  నేను కుర్చీ దగ్గరకు లాక్కుని, మొదటిదాని అచ్చుకాగితాలు బల్లమీద విప్పాను. ఆయన రెండో కొస పట్టుకున్నాడు.